నవాసాగరాన్ని వేడి చేస్తే ఆవిరవుతుందా, విడిపోతుందా? అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ మీద చర్చ

డిగ్రీ రెండో ఏడు

అందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో బీఎస్సీ చదువుతున్నాను. ఈ వారం ప్రాక్టికల్స్‌లో పొడి పరీక్షనాళికలో అమ్మోనియం క్లోరైడ్, అంటే నవాసాగరం వేసి వేడి చేశాం. అడుగున ఉన్న తెల్లపొడి తగ్గిపోతూ, నాళికలో చల్లగా ఉన్న పైభాగానికి తెల్లని పొరలా పట్టింది. మధ్యలో ఎక్కడా ద్రవం కనబడలేదు. రికార్డులో ‘ఉత్పతనం’, అంటే ఘనం ద్రవం కాకుండానే ఆవిరవడం, అని రాశాం. భౌతిక రసాయన శాస్త్రం పుస్తకం తెరిస్తే ఇదే లవణాన్ని ‘ఉష్ణ విఘటనం’ (వేడికి వేరే పదార్థాలుగా విడిపోవడం) కింద ఉదాహరణగా ఇచ్చారు. ఒకటి భౌతిక మార్పు, మరొకటి రసాయనిక మార్పు కదా. రెండూ ఎలా సరిపోతాయి?

రెండో సందేహం లవణ విశ్లేషణ గురించి, అంటే ద్రావణంలోని లోహ అయాన్లను గ్రూపుల వారీగా అవక్షేపంగా దించి గుర్తించడం. మూడో గ్రూపులో అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోసే ముందు అమ్మోనియం క్లోరైడ్ తప్పనిసరిగా వేయమంటారు. ‘ఉమ్మడి అయాన్ ప్రభావం’ అని రాస్తే మార్కులు పడతాయి. నాకు మాత్రం అంకెలతో చూడాలని ఉంది. ఎవరైనా వివరించగలరా?

పరీక్షనాళిక

బాబూ, మంచి ప్రశ్న. నేను జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం చెబుతాను. ముందు మొదటి సందేహం చూద్దాం.

కంటికి కనబడింది ఉత్పతనమే. లోపల జరిగింది విఘటనం. కర్పూరాన్ని గానీ అయోడిన్‌ను గానీ వేడి చేస్తే ఘనపదార్థంలో ఉన్న అణువే వాయువులోకి లేచి, చల్లబడ్డాక అదే అణువుగా తిరిగి వస్తుంది. అమ్మోనియం క్లోరైడ్ స్ఫటికంలో అలాంటి అణువు లేదు. ఉన్నవి అమ్మోనియం అయాన్లు, క్లోరైడ్ అయాన్లు. వేడి పెరిగేకొద్దీ అమ్మోనియం అయాన్ తన దగ్గరున్న ఒక ప్రోటాన్‌ను క్లోరైడ్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చింది అమ్మోనియా అవుతుంది, పుచ్చుకున్నది హైడ్రోజన్ క్లోరైడ్ అవుతుంది. రెండూ వాయువులే కాబట్టి లేచిపోతాయి. సుమారు 338 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ రెండింటి మొత్తం పీడనం వాతావరణ పీడనాన్ని అందుకుంటుంది. నాళిక పైభాగంలో వేడి తగ్గగానే ప్రోటాన్ మళ్లీ అమ్మోనియాను చేరుతుంది, తెల్లని లవణం తిరిగి పుడుతుంది.

దీన్ని మాట మీద నమ్మనక్కరలేదు, మీ ప్రయోగశాలలోనే చూడవచ్చు. నాళిక అడుగున కొద్దిగా లవణం వేయండి. దానికి పైన గాజు ఊలు వదులుగా దూర్చండి. నాళికను కొంచెం ఏటవాలుగా పట్టుకుని, మూతి దగ్గర తడిపిన ఎర్ర లిట్మస్, నీలి లిట్మస్ ముక్కలను ఉంచండి. సన్నని మంట మీద వేడి చేయండి. ముందుగా ఎర్ర లిట్మస్ నీలంగా మారుతుంది. ఆ తర్వాత కొంతసేపటికి రెండు ముక్కలూ ఎర్రబడతాయి. అమ్మోనియా అణుభారం 17, హైడ్రోజన్ క్లోరైడ్‌ది 36.5. ఊలు గుండా తేలికది ముందుగా దూరి వస్తుంది. కేవలం ఉత్పతనమే జరిగితే లిట్మస్‌కు రంగులు ఇలా వరుసగా మారే కారణమే ఉండదు. గాలి బాగా ఆడే చోట చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

బాష్పసాంద్రత

మేడమ్ చెప్పిన ప్రయోగం వెనక పందొమ్మిదో శతాబ్దపు పెద్ద వివాదం ఒకటి ఉంది. ఈ లవణం మీద నాకున్న ఇష్టానికి కారణం అదే, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

అవొగాడ్రో 1811లో చెప్పిన పరికల్పన ప్రకారం ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులు ఉండాలి. కాబట్టి హైడ్రోజన్‌తో పోల్చి బాష్ప సాంద్రతను కొలిచి రెట్టింపు చేస్తే అణుభారం వస్తుంది. అమ్మోనియం క్లోరైడ్‌కు అణుభారం 53.5 కనుక బాష్ప సాంద్రత దాదాపు 26.7 రావాలి. కొలిస్తే వచ్చింది అందులో సగం, 13.4కు దగ్గరగా. అవొగాడ్రో మాటను ఒప్పుకోని వారికి ఇది గట్టి ఆధారంగా దొరికింది.

ఆవిరిలో ఒక్కో జత రెండు వాయు అణువులుగా విడిపోతోందని, అందువల్ల అణువుల సంఖ్య రెట్టింపై సాంద్రత సగానికి పడిపోతోందని 1850ల చివర్లోనే కొందరు సూచించారు. ఫ్రాన్స్‌లో సెయింట్ క్లేర్ డెవిల్ దీన్ని ఒప్పుకోలేదు. వేడి చేస్తే సమ్మేళనాలు విడిపోతాయన్న భావనకు పునాది వేసిన శాస్త్రవేత్తే ఆయన. అయినా ఆ ఉష్ణోగ్రత దగ్గర అమ్మోనియాను, హైడ్రోజన్ క్లోరైడ్‌ను కలిపితే వేడి పుడుతోంది కాబట్టి అవి కలుస్తున్నాయే తప్ప విడిపోవడం లేదని వాదించారు. 1862లో పెబాల్ ఆ ఆవిరిని ఆస్‌బెస్టాస్ బిరడా గుండా వ్యాపింపజేసి, ఒక పక్క క్షారం, మరో పక్క ఆమ్లం లిట్మస్‌కు అందేలా చూపించారు. మీరు గాజు ఊలుతో చేయబోయేది ఆ ప్రయోగాన్నే.

డెవిల్ గమనించిన వేడి కూడా అబద్ధం కాదు. సమతాస్థితిలో కలయిక, విఘటనం రెండూ ఒకేసారి సాగుతుంటాయి. ‘కలుస్తాయా, విడిపోతాయా’ అని ఏదో ఒకటి తేల్చాలనుకోవడం వల్లనే ఆ వాదన అంతకాలం సాగిందని నా అభిప్రాయం.

బడి పంతులు

నల్గొండ జిల్లాలో ఉన్నత పాఠశాలలో పనిచేస్తాను. మా పిల్లలకు ఒక మీటరు గాజు గొట్టంలో తెల్లని వలయం ప్రయోగం చూపిద్దామనుకుంటున్నాను. ఒక చివర గాఢ అమ్మోనియా ద్రావణంలో ముంచిన దూది, మరో చివర గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచిన దూది పెడితే మధ్యలో అమ్మోనియం క్లోరైడ్ వలయం ఏర్పడుతుందని తెలుసు. తేలిక వాయువు వేగంగా వ్యాపిస్తుందనే గ్రాహం నియమం ప్రకారం ఆ చోటును లెక్కగట్టి, కొలతతో పోల్చమని పిల్లలకు చెప్పవచ్చా?

బాష్పసాంద్రత

లెక్క చేయించండి, కానీ సరిగ్గా అక్కడే రావాలని పట్టుబట్టకండి. అణుభారాల నిష్పత్తికి వర్గమూలం 1.46. దాని ప్రకారం 100 సెంటీమీటర్ల గొట్టంలో అమ్మోనియా చివర నుంచి 59 సెంటీమీటర్లు దాటాక వలయం రావాలి. అయితే గ్రాహం నియమం సన్నని రంధ్రం గుండా శూన్యంలోకి వెళ్లే వాయువులకు చక్కగా వర్తిస్తుంది. గొట్టంలో గాలి నిండి ఉంది. ప్రతి అణువూ అడుగడుగునా గాలి అణువులను ఢీకొంటూ దారి మార్చుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర అమ్మోనియా అణువుల వేగం సెకనుకు సుమారు 660 మీటర్లు. అయినా ఆ మీటరు గొట్టంలో వలయం కనబడడానికి నిమిషాలు పడుతుంది. పిల్లలను ఆ తేడా గురించే అడగండి, ప్రయోగంలో అసలు పాఠం అక్కడే ఉంది. వలయం ఆమ్లం చివరకు దగ్గరగా వస్తుందన్నది మాత్రం ఖాయం.

గొట్టం లోపల తేమ లేకుండా ఆరబెట్టండి. రెండు దూదులనూ ఒకే క్షణంలో పెట్టాలి. బిరడాలు పెద్దవాళ్లే బిగించాలి, గాఢ ద్రావణాలను పిల్లల చేతికి ఇవ్వకండి.

కళాయి వీధి

ఈ చర్చ చదువుతుంటే మా నాన్నగారి పని గుర్తుకొచ్చి రాస్తున్నాను. మాది ఇత్తడి, రాగి గిన్నెలకు కళాయి పూసే కుటుంబం. మేము అమ్మోనియం క్లోరైడ్ అనము, నవాసాగరం అంటాం. గిన్నెను ఇసుకతో తోమి, కొలిమి మీద తిప్పుతూ బాగా వేడెక్కిస్తారు. నవాసాగరం పొడి చల్లగానే తెల్లని పొగ గుప్పున లేస్తుంది. ఆ వెంటనే తగరం కడ్డీ ఆనిస్తే కరుగుతుంది. దూదితో లోపలంతా రుద్దితే గిన్నె వెండిలా మెరుస్తుంది. నవాసాగరం చల్లకపోతే తగరం ముద్దలు కట్టి జారిపోతుంది, రాగికి అంటుకోదు. ఎందుకంటుకోదని అడిగితే ‘మురికి పోవాలి కదా’ అనేవారు నాన్నగారు. ఇసుకతో అంత తోమాక కూడా ఇంకా ఏం మురికి ఉంటుంది? ఆ పొగ ఏమిటి? మీరు చెప్పే విఘటనానికి దీనికి సంబంధం ఉందా?

లోహపు పని

నేరుగా సంబంధం ఉందండి. నేను టంకం, లోహపు పూతలకు సంబంధించిన పరిశ్రమలో పనిచేశాను.

మీ నాన్నగారు చెప్పిన ‘మురికి’ ఉన్నమాటే. దాని పేరు కాపర్ ఆక్సైడ్. ఇసుకతో తోమి రాగిని ఎంత శుభ్రం చేసినా, వేడెక్కిస్తున్నప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొత్త ఆక్సైడ్ పొర కడుతూనే ఉంటుంది. కరిగిన తగరం లోహాన్ని తడుపుతుంది కానీ ఆక్సైడ్‌ను తడపదు. అందుకే ముద్ద కడుతుంది.

వేడి గిన్నె మీద పడిన నవాసాగరం అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. రెండూ పనిలోకి దిగుతాయి. హైడ్రోజన్ క్లోరైడ్ ఆక్సైడ్‌ను క్లోరైడ్‌గా మార్చి తొలగిస్తుంది. అమ్మోనియాలోని హైడ్రోజన్ వేడి ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుని నీరవుతుంది, రాగి తిరిగి లోహంగా మిగులుతుంది. సమీకరణంగా చెప్పాలంటే నాలుగు మోల్‌ల కాపర్ ఆక్సైడ్, రెండు మోల్‌ల అమ్మోనియం క్లోరైడ్ కలిసి మూడు మోల్‌ల రాగి, ఒక మోల్ కాపర్ క్లోరైడ్, ఒక మోల్ నైట్రజన్, నాలుగు మోల్‌ల నీరు ఇస్తాయి. తగరం మీద కట్టే ఆక్సైడ్ కూడా ఇలాగే శుభ్రపడుతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ శుభ్రమైన క్షణంలోనే పరుచుకుని రాగితో పట్టు కుదుర్చుకుంటుంది. అందుకే పొడి చల్లడానికి, కడ్డీ ఆనించడానికి మధ్య ఆలస్యం కూడదు. రసాయన శాస్త్రం పుస్తకం తెరవకుండా ఆ క్షణాన్ని కంటితో పట్టుకునే మీ పెద్దవాళ్ల నైపుణ్యం నాకెప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది.

తెల్లని పొగ నీటి ఆవిరి కాదు. పైకి లేచిన రెండు వాయువులు చల్లని గాలిలో కలిసి మళ్లీ నవాసాగరంగా మారిన సన్నని ఘన కణాలు. గొంతుకు, కళ్లకు మంట పెడతాయి. పని ఆరుబయటే చేయాలి. పూత అయ్యాక గిన్నెను నీళ్లతో బాగా కడగడం కూడా ముఖ్యం. మిగిలిపోయిన క్లోరైడ్ తేమ పీల్చుకుంటే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది, చిలుము పడుతుంది.

డిగ్రీ రెండో ఏడు

అందరికీ ధన్యవాదాలు. గాజు ఊలు ప్రయోగం ఈ రోజు చేశాం. మేడమ్ చెప్పినట్టే ఎర్ర లిట్మస్ ముందు నీలమైంది. ఆ తర్వాత అది, పక్కనున్న నీలి ముక్క, రెండూ ఎర్రబడ్డాయి. మా తరగతి మొత్తం చుట్టూ చేరి చూసింది. ఇక మూడో గ్రూపు లెక్క చెప్పండి మేడమ్.

పరీక్షనాళిక

చాలా సంతోషం బాబూ. ఇప్పుడు కాగితం, పెన్ను పట్టుకో.

అమ్మోనియా నీటిలో బలహీన క్షారం. దాని క్షార స్థిరాంకం 1.8 × 10⁻⁵. లీటరుకు 0.1 మోల్ అమ్మోనియా మాత్రమే ఉంటే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత సుమారు 1.3 × 10⁻³ మోల్ వస్తుంది. పీహెచ్ 11.1. ఇప్పుడు అదే ద్రావణంలో లీటరుకు 1 మోల్ లెక్కన అమ్మోనియం క్లోరైడ్ కలుపు. అమ్మోనియం అయాన్లు వెల్లువగా రావడంతో సమతాస్థితి వెనక్కి జరుగుతుంది. హైడ్రాక్సైడ్ గాఢత 1.8 × 10⁻⁶కు పడిపోతుంది. పీహెచ్ 8.3 దగ్గర నిలుస్తుంది. ఏడు వందల రెట్లకు పైగా తగ్గిందన్నమాట.

ద్రావణంలో మెగ్నీషియం లీటరుకు 0.1 మోల్ ఉందనుకుందాం. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ద్రావణీయతా లబ్ధం, అంటే అయాన్ల గాఢతల లబ్ధం దాటితే అవక్షేపం పడే హద్దు, సుమారు 10⁻¹¹. అమ్మోనియం క్లోరైడ్ లేనప్పుడు అయానిక లబ్ధం, అంటే ద్రావణంలో నిజంగా ఉన్న అయాన్ల గాఢతల లబ్ధం, 0.1ని 1.3 × 10⁻³ వర్గంతో గుణిస్తే 1.7 × 10⁻⁷. ద్రావణీయతా లబ్ధాన్ని ఎప్పుడో దాటేసింది, అవక్షేపం పడిపోతుంది. మూడో గ్రూపులో రాకూడని అయాన్ వచ్చేసినట్టే. అమ్మోనియం క్లోరైడ్ ఉన్నప్పుడు అదే లబ్ధం 3 × 10⁻¹³. గీత దాటలేదు, మెగ్నీషియం ద్రావణంలోనే ఉండిపోతుంది.

మరి ఫెర్రిక్ ఇనుము? దాని హైడ్రాక్సైడ్ ద్రావణీయతా లబ్ధం 10⁻³⁸ ప్రాంతంలో ఉంటుంది. ఇనుము కూడా లీటరుకు 0.1 మోల్ ఉంటే, హైడ్రాక్సైడ్ గాఢతను అంత తగ్గించాక కూడా అయానిక లబ్ధం 6 × 10⁻¹⁹ వస్తుంది. గోధుమ రంగు అవక్షేపం పడక తప్పదు. అల్యూమినియం, క్రోమియం కూడా ఇంతే. మూడో గ్రూపు అంటే పీహెచ్‌ను ఒక గీత దగ్గర కట్టడి చేసి, ఆ గీత దగ్గర నిలవలేని వాటిని మాత్రం దించడం. అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ జంట బఫర్ కాబట్టి కొంచెం ఎక్కువ తక్కువ పోసినా ఆ గీత పెద్దగా కదలదు.

ఇంకొక మేలు కూడా ఉంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురులా తేలుతూ వడపోత కాగితం గుండా జారిపోతుంటుంది. అమ్మోనియం లవణం దాన్ని గుంపు కట్టించి, వడపోతకు లొంగేలా చేస్తుంది. అమ్మోనియా బదులు సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

డిగ్రీ రెండో ఏడు

అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఎక్కువైన క్షారంలో కరిగిపోతుంది కదా మేడమ్, అల్యూమినేట్‌గా. అంటే మూడో గ్రూపులో అల్యూమినియం దొరకదు. మరి అమ్మోనియం అయాన్లే కావాలంటే అమ్మోనియం సల్ఫేట్ వేస్తే సరిపోదా?

పరీక్షనాళిక

సరిగ్గా చెప్పావు. సల్ఫేట్ వేస్తే తర్వాతి గ్రూపులో రావలసిన బేరియం, స్ట్రాన్షియం సల్ఫేట్‌లుగా ఇక్కడే అవక్షేపమవుతాయి. క్లోరైడ్‌తో ఆ ఇబ్బంది లేదు, క్లోరైడ్‌గా అవక్షేపమయ్యే మొదటి గ్రూపు లోహాలు ముందే వెళ్లిపోయి ఉంటాయి కనుక. ఇనుము సంగతి కూడా గుర్తుంచుకో. రెండో గ్రూపులో పంపిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చేస్తుంది. దాన్ని మరిగించి వెళ్లగొట్టి, రెండు చుక్కల గాఢ నైట్రిక్ ఆమ్లంతో మళ్లీ ఫెర్రిక్‌కు తెచ్చాకే అమ్మోనియా పోయాలి.

చెరువు గట్టు

నమస్కారమండి. నేను విద్యార్థిని కాను, భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నాను. ‘అమ్మోనియా’ అని వెతుకుతుంటే ఈ చర్చ దొరికింది. మా దగ్గర మేత ఎక్కువైనప్పుడు, అడుగున బురద పెరిగినప్పుడు నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. ఒకే చెరువులో కిట్ ఒకే అంకె చూపిస్తున్నా ఉదయం రొయ్య బాగానే ఉంటుంది, మధ్యాహ్నం మందగించి మేత వదిలేస్తుంది. కొందరు సున్నం చల్లమంటారు, కొందరు అసలు చల్లొద్దంటారు. ఎవరి మాట వినాలి?

సమతాస్థితి

రైతుగారూ, మీరు సరైన చోటికే వచ్చారు. నేను నీటి రసాయన శాస్త్రంలో పనిచేస్తాను. ఇప్పటిదాకా ఇక్కడ నడిచిన చర్చ అంతా మీ చెరువులో ప్రతిరోజూ జరుగుతున్నదే.

మీ కిట్ కొలిచేది మొత్తం అమ్మోనియా. అందులో రెండు రూపాలు కలిసి ఉంటాయి. ఒకటి అమ్మోనియం అయాన్, రెండోది అయాన్ కాని అమ్మోనియా. మొదటిది మొప్పల పొర దాటి తేలిగ్గా లోపలికి పోదు. రెండోది దాటుతుంది, విషం అదే. ఏది ఎంత ఉంటుందో నిర్ణయించేది ప్రధానంగా పీహెచ్. మంచినీటిలో 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 7.5 శాతం, పీహెచ్ 9 అయితే 45 శాతం దాకా చేరుతుంది. ఉప్పునీటిలో ఈ అంకెలు కొంచెం తగ్గుతాయి, పోకడ మాత్రం అదే. కిట్ రెండు పూటలా లీటరుకు 1 మిల్లీగ్రాము చూపించినా, పీహెచ్ 8 ఉన్నప్పుడు విషం 0.075, పీహెచ్ 9 ఉన్నప్పుడు 0.45. ఆరు రెట్లు.

మధ్యాహ్నం పీహెచ్ ఎందుకు పెరుగుతుందంటే, ఎండలో నీటిలోని వృక్ష ప్లవకాలు (నీటిలో తేలే సన్నని నాచు) కార్బన్ డయాక్సైడ్‌ను వాడేసుకుంటాయి. రాత్రంతా అన్నీ శ్వాసిస్తూ దాన్ని మళ్లీ నింపుతాయి, తెల్లవారుజామున పీహెచ్ అడుగుకు చేరుతుంది. మీ రొయ్య మధ్యాహ్నం మేత వదలడానికి ఇది బలమైన కారణం కావచ్చు. అమ్మోనియా అంకెతో పాటు అదే సమయపు పీహెచ్‌ను, ఉష్ణోగ్రతను పక్కనే రాసుకోండి. పీహెచ్ లేకుండా అమ్మోనియా అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు.

ఇక సున్నం. నవాసాగరంలో తడిసున్నం కలిపి అరచేతిలో నలిపితే ఘాటు వాసన వస్తుంది, మన ఊళ్లలో చాలామందికి తెలుసు. జలుబు చేసినప్పుడు వాసన చూసేవారు. జోసెఫ్ ప్రీస్ట్లీ 1774లో అమ్మోనియా వాయువును వేరుచేసిందీ ఈ రెండింటితోనే. సున్నంలోని హైడ్రాక్సైడ్ అమ్మోనియం అయాన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది, అమ్మోనియా బయటపడుతుంది. మొత్తం అమ్మోనియా ఎక్కువగా ఉన్న చెరువులో కాల్చిన సున్నం గానీ తడిసున్నం గానీ చల్లితే జరిగేదీ ఇదే. అప్పటిదాకా అయాన్‌గా ఉన్నదాన్ని మీ చేతులతో విషరూపంలోకి మార్చినట్టవుతుంది.

చెరువు గట్టు

ఇప్పుడు అర్థమైందండి. మరి మా పెద్దలు సున్నం చల్లి లాభం చూశామని చెబుతారు. అది కూడా అబద్ధం కాదు.

సమతాస్థితి

కాదు. చెరువులోని బాక్టీరియా అమ్మోనియంను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ మార్పులో ఆమ్లం పుడుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రజన్ మారడానికి కాల్షియం కార్బొనేట్ లెక్కన దాదాపు 7 గ్రాముల క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, ఖర్చవుతుంది. క్షారత పడిపోతే బాక్టీరియా పని నెమ్మదిస్తుంది, అమ్మోనియా పేరుకుపోతుంది. ఆ లోటును తీర్చడానికి సున్నపురాయి పొడి లేదా డోలమైట్ వాడవచ్చు. ఇవి కార్బొనేట్‌లు, నీటి పీహెచ్‌ను 8.3 ప్రాంతం దాటించవు. తడిసున్నం 10 దాటించగలదు. కాబట్టి ‘సున్నం’ అన్నప్పుడు ఏ సున్నం, నీటి పీహెచ్ ఎంత ఉన్నప్పుడు అన్నదే ముఖ్యం. కాల్చిన సున్నం చెరువు ఎండగట్టి, నీరు పెట్టకముందు వాడే సరుకు.

అమ్మోనియా పెరిగిన రోజున చేయవలసింది మేత తగ్గించడం, ఏరేటర్లు ఆపకుండా తిప్పడం, వీలైతే నీరు మార్చడం. బెల్లం నీళ్లు చల్లడం వెనక కూడా లెక్క ఉంది. పిండిపదార్థం దొరికితే వేరే రకం బాక్టీరియా పెరుగుతూ అమ్మోనియంను తన శరీరంలోకి తీసుకుంటుంది. అయితే దానికి ఆక్సిజన్ బాగా ఖర్చవుతుంది, ఏరేటర్లు లేకుండా ఆ పని చేయకండి. అయాన్లను పట్టుకునే ఖనిజమైన జియోలైట్ మీద మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. మంచినీటిలో అది అమ్మోనియంను పట్టుకుంటుంది. ఉప్పునీటిలో సోడియం అయాన్లు అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటాయి, ఆ చోట్లన్నీ అవే ఆక్రమిస్తాయి.

ఎరువుల ఇంజనీరు

సున్నం మాట వచ్చింది కాబట్టి పరిశ్రమ వైపు నుంచి ఒక సంగతి చెబుతాను. బట్టల సోడా తయారుచేసే సాల్వే పద్ధతిలో ఉప్పునీటిలోకి అమ్మోనియా, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ పంపుతారు. సోడియం బైకార్బొనేట్ అవక్షేపమై దిగుతుంది, ద్రావణంలో అమ్మోనియం క్లోరైడ్ మిగులుతుంది. ఆ ద్రావణానికి సున్నం కలిపి వేడి చేస్తే అమ్మోనియా తిరిగి వస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. చెరువులో ప్రాణం తీసే అదే చర్య అక్కడ పరిశ్రమను నిలబెడుతుంది. నష్టమల్లా క్లోరిన్ భాగం కాల్షియం క్లోరైడ్‌గా వృథాగా పోవడం.

చైనా ఇంజనీరు హౌ దబాంగ్ 1940లలో దీన్ని మార్చారు. అమ్మోనియం క్లోరైడ్‌ను విడగొట్టకుండా ద్రావణాన్ని చల్లబరిచి, అందులో ఉప్పు కలిపి దాన్ని ఘనరూపంలో దించేశారు. 100 గ్రాముల నీటిలో ఈ లవణం 20 డిగ్రీల దగ్గర 37 గ్రాములు కరిగితే, 0 డిగ్రీల దగ్గర 29 గ్రాములే కరుగుతుంది. మామూలు ఉప్పు ద్రావణీయత చలికి పెద్దగా మారదు. ఆ తేడాయే ఈ పద్ధతికి ఆధారం. వచ్చిన అమ్మోనియం క్లోరైడ్‌ను ఎరువుగా వాడతారు. మన దేశంలో తూత్తుకుడిలో ఈ జంట ఉత్పత్తి పద్ధతి ఉంది.

మాగాణి

ఎరువుగా ఇది వరికి పనికొస్తుందా? మా వైపు యూరియా తప్ప వేరేది పెద్దగా వాడం.

ఎరువుల ఇంజనీరు

పనికొస్తుంది. శుద్ధమైన లవణంలో నైట్రజన్ 26 శాతం, యూరియాలో 46 శాతం. కాబట్టి బస్తాలు ఎక్కువ పడతాయి. నీరు నిలిచిన మాగాణిలో అమ్మోనియం రూపం నిలకడగా ఉంటుంది. అమ్మోనియం సల్ఫేట్ వేస్తే ఆక్సిజన్ లేని బురదలో సల్ఫేట్ సల్ఫైడ్‌గా మారి వేళ్లకు హాని చేసే ప్రమాదం కొన్ని నేలల్లో ఉంటుంది, క్లోరైడ్‌తో అది లేదు. క్షార నేలలో పైపైన చల్లి వదిలేస్తే మాత్రం అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది, మట్టిలో కలిసేలా వేయాలి.

పొగాకుకు మాత్రం వద్దే వద్దు. ప్రకాశం, గుంటూరు వైపు పొగాకు రైతులకు ఇది బాగా తెలుసు. ఆకులో క్లోరైడ్ పెరిగితే ఆకు సరిగా మండదు, ధర పడిపోతుంది.

బాష్పసాంద్రత

టార్చిలైటులో వేసే పాత రకం సెల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. లెక్లాంషే 1866లో చేసిన ఘటంలో విద్యుద్విశ్లేష్యం అమ్మోనియం క్లోరైడ్ ద్రావణమే. జింక్ కరిగి అయాన్లుగా మారుతుంటే, మాంగనీస్ డయాక్సైడ్ వైపు అమ్మోనియం అయాన్ల ప్రోటాన్లు ఖర్చవుతాయి. అక్కడ పుట్టే అమ్మోనియాను జింక్ అయాన్లు తమ చుట్టూ కట్టుకుని సంక్లిష్టంగా మారుతాయి. లేకపోతే వాయువు పేరుకుని విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడుతుంది.

చెరువు గట్టు

ఈ రోజు తెల్లవారుజామున పీహెచ్ 7.8, మధ్యాహ్నం మూడింటికి 8.9 వచ్చిందండి. రెండు పూటలా అమ్మోనియా అంకె ఒకటే. తడిసున్నం ఆపేశాను, మేత సగానికి తగ్గించాను. క్షారత కొలిపించి, తక్కువగా ఉంటే డోలమైట్ వేస్తాను. ఒక్క సందేహం. మా కిట్‌లో చుక్కలు వేస్తే పసుపు రంగు రావలసింది పోయి, కొన్నిసార్లు నీరు తెల్లగా మబ్బు పడుతోంది. అంకె సరిగా తెలియడం లేదు.

పరీక్షనాళిక

అది నెస్లర్ కారకంతో చేసే కిట్ అయి ఉంటుందండి. మా ప్రయోగశాలలో అమ్మోనియంను గుర్తించడానికి వాడేదీ అదే. అందులో క్షారం బాగా ఎక్కువ. ఉప్పునీటిలోని మెగ్నీషియం, కాల్షియం ఆ క్షారం తగలగానే అవక్షేపమై మబ్బు పడతాయి. పైన విద్యార్థికి చెప్పిన మెగ్నీషియం హైడ్రాక్సైడ్ లెక్క ఇక్కడా పనిచేస్తోంది. మెగ్నీషియం, కాల్షియంను ద్రావణంలోనే పట్టి ఉంచే రోషెల్ లవణం చుక్కలు ముందుగా వేసే కిట్ అయితే ఆ ఇబ్బంది తగ్గుతుంది. లేదా ఆకుపచ్చ రంగు ఇచ్చే సాలిసిలేట్ రకం కిట్ తీసుకోండి, ఉప్పునీటికి పనికొస్తుందని దాని మీద రాసి ఉందో లేదో చూడండి. నెస్లర్ కారకంలో పాదరసం ఉంటుంది. పరీక్ష చేసిన నీటిని చెరువులో గానీ కాలువలో గానీ పోయకుండా మూత ఉన్న సీసాలో వేరుగా దాచండి.